పసుపు ఎక్కడికి పోయింది? రంగులు కలపనన్న ఒక పాప కేసు

మూడు రంగులు, ఒక కుంచె, గిన్నెడు నీళ్ళు ఇస్తే చాలు, రంగుల కలయికను పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కనిపెడతారని చాలాకాలం నమ్మాను. ఎక్కువమంది విషయంలో అది నిజమే. ఈ కేసులోని పాప విషయంలో మాత్రం కాలేదు. తొమ్మిది వారాలు పట్టింది. ఆ తొమ్మిది వారాల్లో మొదటి ఐదు నేను సమస్యను తప్పుగా అర్థం చేసుకోవడం వల్లే గడిచిపోయాయి. చిన్నపిల్లలతో పనిచేసే వాళ్ళకు ఉపయోగపడుతుందని, పాప తల్లి అనుమతితో, దీన్ని వివరంగా రాస్తున్నాను. పాపను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు వదిలేశాను. ఆమె అన్న మాటలు మాత్రం ఏ రోజువి ఆ రోజే డైరీలో రాసుకున్నవి.

నేపథ్యం

తరగతిలో 16 మంది పిల్లలు. నాలుగేళ్ళ నుంచి ఐదున్నర ఏళ్ళ వాళ్ళు. వారానికి రెండు రోజులు, రోజుకు నలభై నిమిషాలు రంగుల పని. ఎరుపు, పసుపు, నీలం పోస్టర్ కలర్లు మాత్రమే ట్రేలో పెడతాను. ఆకుపచ్చ, నారింజ, ఊదా రంగుల సీసాలు తరగతి గదిలో ఉంచను. కావాలంటే చేసుకోవాల్సిందే.

పాప వయసు అప్పటికి నాలుగేళ్ళ ఎనిమిది నెలలు. మాట స్పష్టం. వస్తువులను వరుసలో పేర్చడం ఇష్టం. పెన్సిళ్ళు వాడిన తర్వాత పొడవును బట్టి సర్ది పెట్టేది. మట్టితో ఆడేటప్పుడు మోచేతుల దాకా పూసుకునేది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు.

రంగులు కనబడటంలో ఇబ్బంది ఉందేమోనని ముందే చూశాను. రంగు కాగితం ముక్కలను జతపరచమంటే ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులను తడబడకుండా జతపరిచింది. ఎరుపు-ఆకుపచ్చల తేడా తెలియకపోవడం ఆడపిల్లల్లో ఎలాగూ అరుదు. దానికి కారణమయ్యే జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది కాబట్టి, ఆడపిల్లకు రెండు వైపుల నుంచీ రావాలి. అయినా ఏ పిల్లకైనా రంగుల పాఠం మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయడం మంచిది. ఐదు నిమిషాల పని.

మొదటి రోజు

పాప కాగితం మధ్యలో పసుపు రంగుతో పెద్ద గుండ్రం వేసింది. శ్రద్ధగా, అంచు చెదరకుండా. "ఇప్పుడు దాని మీద కొంచెం నీలం వేసి చూడమ్మా, ఏమవుతుందో!" అన్నాను. వేసింది. కుంచె తిప్పింది. గుండ్రం ఆకుపచ్చగా మారింది. పక్కనున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

పాప కుంచె వైపు చూసింది. కాగితం ఎత్తి వెనక్కి తిప్పి చూసింది. బల్ల మీద చూసింది. తర్వాత నన్ను అడిగింది: "నా పసుపు ఏది?"

"ఇదిగో, ఆకుపచ్చ అయింది కదా" అన్నాను.

"ఇది కాదు. నా పసుపు." అని, ట్రేలోని పసుపు గుంట మీద రెండు అరచేతులూ మూసి పెట్టుకుంది. ఆ రోజు మళ్ళీ తెరవలేదు.

ఆ తర్వాత మూడు వారాలు పాప రంగులు వేసింది కానీ కలపలేదు. ప్రతి రంగు దాని చోట దానికి. రెండు రంగుల మధ్య ఒక వేలు మందం తెల్ల కాగితం వదిలేది. రంగు మార్చినప్పుడల్లా కుంచెను నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మీద రంగు అంటడం లేదని చూసుకున్నాకే ముంచేది. ఒకసారి పక్క పిల్లవాడి కుంచె ఆమె పసుపులో తగిలి ఒక నీలం చార పడింది. ఏడుపు ఆగడానికి పావుగంట పట్టింది.

చేసిన ప్రయత్నాలు

నేను మొదట అనుకున్నది: ఈ పాపకు శుభ్రం ఎక్కువ, చిందరవందర అంటే భయం. అలాంటి పిల్లలు ఉంటారు. కాబట్టి చేతికి అంటని పద్ధతి ఎంచుకున్నాను. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో ఒక మూల పసుపు, ఇంకో మూల నీలం పోసి, గాలి తీసి మూసి, కిటికీ అద్దానికి అంటించాను. పిల్లలు వేళ్ళతో నొక్కుతూ రెండింటినీ మధ్యలోకి తోస్తారు. చేతులకు చుక్క కూడా అంటదు. మిగతా పిల్లలు ఎగబడ్డారు. పాప దూరం నుంచి చూసింది. ఆమె సంచి ఆమెకు ఇచ్చాను. రెండు రంగులనూ చెరో మూలకు ఇంకా దూరంగా నెట్టి, మధ్యలో మడత పెట్టి, నాకు తిరిగి ఇచ్చింది.

ఆ మడత నాకు అన్నీ చెప్పాల్సింది. మట్టిలో మోచేతుల దాకా మునిగే పిల్లకు చేతులు మురికవుతాయన్న భయం ఎందుకుంటుంది? నేను ముందే ఒక కారణం అనుకుని దానికి సరిపోయే మందు వెతికాను. పిల్ల చేసే పనిని చూసి కారణం వెతకలేదు.

రెండో ప్రయత్నం కథ. కొండ మీద నుంచి ఒక పసుపు నది, ఇంకో కొండ మీద నుంచి ఒక నీలం నది బయలుదేరి, లోయలో కలిసి ఆకుపచ్చ నదిగా మారి, అడవికంతటికీ రంగు ఇచ్చాయని చెప్పాను. కథ పిల్లలకు నచ్చింది. ఇద్దరు ముగ్గురు ఆ నదులను బొమ్మగా వేశారు. పాప శ్రద్ధగా విని ఒక ప్రశ్న అడిగింది: "పసుపు నది మళ్ళీ వెనక్కి ఎలా వెళ్తుంది?"

"వెళ్ళదమ్మా, ముందుకే వెళ్తుంది" అన్నాను. ముఖం ముడుచుకుంది. ఆ ప్రశ్నను డైరీలో రాసుకున్నాను, పక్కన "మొండితనం తగ్గలేదు" అని కూడా రాసుకున్నాను. ఆ రెండో వాక్యం తర్వాత కొట్టేశాను.

మూడోది, పసుపు తరిగిపోదని చూపించడం. నిండు సీసా తెచ్చి, "ఎంత పసుపు ఉందో చూడు, నీ పసుపు పోతే ఇంకా పోస్తాను" అన్నాను. పాప ఓపికగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది: "అది సీసాలో పసుపు. నేను గుండ్రం వేసిన పసుపు వేరే." తార్కికంగా ఆమె మాటే సరైనది.

ఇదే సమయంలో తరగతిలో ఇంకో దెబ్బ తగిలింది. ఎరుపు, నీలం కలిస్తే ఊదా వస్తుందని పిల్లలందరికీ ముందే చెప్పి మరీ కలిపించాను. వచ్చింది బురద. ముదురు గోధుమ రంగు, ఎంత కలిపినా అంతే. పిల్లలు నవ్వుకున్నారు. పాప నవ్వలేదు. "చూశారా టీచర్, ఈసారి రెండూ పోయాయి" అంది.

బురద ఎందుకు వచ్చిందో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఇది ఎన్నో తరగతి గదుల్లో జరుగుతుంది, పిల్లలు సరిగా కలపలేదని అనుకుంటారు. రంగు పదార్థం ప్రతిదీ తెల్లని కాంతిలోంచి కొంత భాగాన్ని మింగేస్తుంది, మిగిలినది మన కంటికి పంపుతుంది. పసుపు రంగు ముఖ్యంగా నీలం కాంతిని మింగుతుంది. నీలం రంగు ముఖ్యంగా ఎరుపు వైపు కాంతిని మింగుతుంది. రెండూ వదిలిపెట్టేది ఆకుపచ్చ వైపు కాంతి, అందుకే అది కనబడుతుంది. మేం వాడిన ఎరుపు నారింజ వైపు మొగ్గే ఎరుపు. అది ఆకుపచ్చ కాంతినీ నీలం కాంతినీ రెండింటినీ మింగుతుంది. మా నీలం ఆకుపచ్చ వైపు మొగ్గేది, ఎరుపు కాంతిని పూర్తిగా మింగుతుంది. ఇక మిగిలేదేముంది? చీకటి వైపు పోయే గోధుమ రంగే. ఊదా కావాలంటే ముదురు గులాబీ వైపు మొగ్గే ఎరుపు వాడాలి, అది నీలం కాంతిని వదిలిపెడుతుంది. అచ్చు యంత్రాల్లో ఎరుపు, నీలం బదులు మెజెంటా (ముదురు గులాబీ), సయాన్ (ఆకుపచ్చ వైపు మొగ్గే లేత నీలం) వాడటానికి కారణం కూడా ఇదే. సీసా మార్చాక మాకు శుభ్రమైన ఊదా వచ్చింది. కానీ పాప దృష్టిలో నా మాటకు విలువ అప్పటికే కొంత తగ్గిపోయింది. ఫలితాన్ని ముందే చెప్పి తర్వాత కలిపించడం ఆ రోజుతో మానేశాను. ఇప్పుడు "ఏమవుతుందని నువ్వు అనుకుంటున్నావు?" అని అడిగి, వాళ్ళు చెప్పింది కాగితం మీద ఒక చుక్కతో గుర్తు పెట్టించి, తర్వాతే కలిపిస్తాను.

ఒక మాట దగ్గర చిక్కు

ఐదో వారంలో పాప తల్లితో మాట్లాడాను. ఇంట్లో రంగుల గురించి ఏమైనా అంటోందా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "టీచర్ గారూ, మీరు బళ్ళో పచ్చను నాశనం చేస్తారని చెప్పింది. మాకేమీ అర్థం కాలేదు" అన్నారు.

"పచ్చ అంటే?"

"పచ్చే. పసుపు. మా ఇంట్లో పచ్చ గౌను అంటే పసుపు గౌనేనండీ."

నేను తరగతిలో నెలరోజులుగా అంటున్న వాక్యం: "పసుపు, నీలం కలిస్తే పచ్చ." మన భాషలో పచ్చ అన్న మాట రెండు రంగుల మీదా వాలుతుంది. పసుపుపచ్చలోనూ అదే ఉంది, ఆకుపచ్చలోనూ అదే ఉంది. పచ్చ కామెర్లలో అది పసుపు, పచ్చిక బయలులో ఆకుపచ్చ. పెద్దవాళ్ళం సందర్భాన్ని బట్టి తెలియకుండానే విడదీసుకుంటాం. నాలుగున్నరేళ్ళ పిల్ల చెవిలో నా వాక్యం ఎలా పడి ఉంటుంది? పచ్చలో నీలం కలిపితే పచ్చ వస్తుందని టీచర్ అంటోంది, కలిపి చూస్తే పచ్చ కనబడటం లేదు. మొదటి రోజు ఆమె బల్ల మీద వెతికింది అందుకేనేమో.

మరుసటి రోజు నుంచి తరగతిలో ఒంటరిగా పచ్చ అనడం మానేశాం. పసుపు, ఆకుపచ్చ, అంతే. పాప రెండు రోజుల్లో అలవాటు పడింది, నేను పొరపాటున పచ్చ అంటే "ఏ పచ్చ?" అని సరిదిద్దింది కూడా. ఇక కలుపుతుందని ఆశపడ్డాను. కలపలేదు. అయితే ప్రశ్న మారింది. ఇంతకు ముందు "నా పసుపు ఏది?" అనేది. ఇప్పుడు "ఆకుపచ్చ నుంచి పసుపు మళ్ళీ వస్తుందా?" అని అడిగింది. మాట చిక్కు విడిపోవడంతో అసలు ప్రశ్న బయటపడింది.

అసలు ప్రశ్న

ఆ రాత్రి డైరీ మొదటి నుంచి చదివాను. పసుపు నది వెనక్కి ఎలా వెళ్తుంది. సీసాలో పసుపు వేరే. రెండూ పోయాయి. ఆకుపచ్చ నుంచి మళ్ళీ వస్తుందా. అన్నిటిలోనూ పాప అడుగుతున్నది ఒకటే: జరిగిన పనిని వెనక్కి తిప్పగలమా, లేదా?

శిక్షణ రోజుల్లో చదువుకున్న పియాజే గుర్తొచ్చాడు, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విస్ మనస్తత్వవేత్త. రెండు నుంచి ఏడేళ్ళ మధ్య పిల్లలకు ఒక మార్పును మనసులో వెనక్కి నడిపించి చూసుకోవడం కష్టమని ఆయన అన్నాడు. వెడల్పాటి గ్లాసులోని నీళ్ళు సన్నటి గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయి అంటారు, మళ్ళీ తిరిగి పోస్తే అంతే ఉంటాయని ఊహించుకోలేరు కాబట్టి. నీళ్ళలో కరిగిన చక్కెర గురించి కూడా పియాజే, ఆయనతో కలిసి పనిచేసిన ఇన్‌హెల్డర్ పిల్లలను అడిగారు. చిన్నపిల్లలు చక్కెర ఇక లేదు అన్నారు. మా పాప పసుపు గురించి అన్నది అదే. తేడా ఒక్కటే, మిగతా పిల్లలు కొత్త రంగు సంబరంలో పాత రంగును మర్చిపోయారు. ఈమె మర్చిపోలేదు.

నిజానికి ఆమె అడిగింది తరగతి మొత్తంలో అత్యుత్తమమైన ప్రశ్న. కలిపిన తర్వాత మొదటి పదార్థానికి ఏమవుతుంది అన్నది రసాయనశాస్త్రంలో పెద్ద ప్రశ్న. దాన్ని భయంగా చూసి పోగొట్టాలని ప్రయత్నించినందుకు ఈనాటికీ బాధ ఉంది.

కాబట్టి నిర్ణయం మార్చుకున్నాను. ఆమెను ఒప్పించకూడదు. వెనక్కి తీయగలిగే కలయికను ఆమె చేతికి ఇవ్వాలి. తీయడం కూడా ఆమే చేయాలి.

బొంగరం

ముందుగా తోచింది బొంగరం. అట్టతో గుండ్రటి పళ్ళెం, సగం పసుపు, సగం నీలం. తిరిగేటప్పుడు కలుస్తాయి, ఆగితే విడిపోతాయి. నేను కోరుకున్నది అచ్చంగా ఇదే కదా. ఇంట్లో చేసి తిప్పి చూశాను. ఆకుపచ్చ రాలేదు. బూడిద రంగు వచ్చింది. పసుపు భాగం ఎక్కువ చేస్తే మాసిన పసుపు, నీలం ఎక్కువ చేస్తే మాసిన నీలం. ఎంత మార్చినా ఆకుపచ్చ లేదు.

తప్పు పళ్ళెంలో లేదు. బొంగరంలో రంగు పదార్థాలు కలవవు, వాటి నుంచి వచ్చే కాంతులు మన కంట్లో కలుస్తాయి. అక్కడ మింగడం లేదు, కూడిక ఉంది. రంగు పదార్థాల కలయిక, కాంతుల కలయిక రెండు వేర్వేరు ప్రక్రియలని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 1852లో వివరించాడు. ఆ దశకంలోనే భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ తిరిగే పళ్ళాలతో కొలతలు తీసి, పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ రాదని చూపించాడు. అంతకు ముందు ఎంతోమంది పెద్ద పండితులు కూడా ఈ రెండింటినీ ఒకటిగానే అనుకున్నారు. పెద్ద పిల్లలకైతే ఇది అద్భుతమైన ప్రయోగం. ఈ పాపకు మాత్రం అప్పుడు చూపిస్తే, మూడో రకం గందరగోళం చేర్చినట్టే. బొంగరాన్ని అలమరాలో పెట్టేశాను.

ఇంట్లో ముందు చేసి చూసుకోవడం వల్ల ఈసారి బయటపడ్డాను. ఊదా విషయంలో అలా చేసి ఉంటే ఆ రోజు బురద కలిపించేదాన్ని కాదు.

కిటికీ దగ్గర

తర్వాత ఎంచుకున్నది రంగు సెల్లోఫేన్ కాగితం. పసుపు కాగితం మీద నీలం కాగితం పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, కాంతి రెండింటి గుండా వస్తుంది. ఒక్కోటి తన వంతు మింగుతుంది, పోస్టర్ కలర్‌లో జరిగినట్టే. అంటే ఇది బొంగరంలా వేరే ప్రక్రియ కాదు, రంగు పదార్థాల కలయికకు దగ్గర చుట్టం. పైగా కాగితం ఎత్తితే చాలు, విడిపోతుంది.

ఒక జాగ్రత్త. ముదురు నీలం సెల్లోఫేన్ ఆకుపచ్చ కాంతిని కూడా చాలావరకు ఆపేస్తుంది, పసుపు మీద పెడితే నల్లగా కనబడుతుంది. లేత ఆకాశనీలం కాగితం వెతికి తెచ్చాను. ఒక్కో రంగుకు అరచేయంత ముక్కలు కోసి, అంచులకు అట్ట చట్రం అంటించాను, చిన్న వేళ్ళకు ఎత్తడం సులువుగా ఉండాలని. ఈ చట్రం చిన్న విషయంలా అనిపిస్తుంది. చట్రం లేకపోతే రెండు కాగితాలూ అతుక్కుపోతాయి, పిల్ల విడదీయలేక నన్ను పిలుస్తుంది, అప్పుడు విడదీసింది నేనవుతాను.

కిటికీ గట్టు మీద ముక్కలు పెట్టి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను. ఈ మౌనం కూడా ఆలోచించి తీసుకున్న నిర్ణయమే. ఐదు వారాలుగా నేను ఏదో చెప్పడం, ఆమె కాదనడం జరుగుతోంది. ఇంకో మాట చెబితే అదీ ఆ లెక్కలోకే పోతుంది.

పాప పసుపు ముక్కను కిటికీకి ఆనించింది. నీలం ముక్కను దాని పక్కన, అలవాటు ప్రకారం వేలు మందం ఖాళీ వదిలి. కాసేపటికి నీలం ముక్క జారి పసుపు అంచు మీదికి వచ్చింది. సన్నటి ఆకుపచ్చ గీత కనబడింది. పాప చేయి చటుక్కున వెనక్కి లాగింది. గీత మాయమైంది, పసుపు అంచు పసుపుగానే ఉంది. మళ్ళీ నెమ్మదిగా జరిపింది. గీత. వెనక్కి. పసుపు. ఈసారి ఇంకొంచెం లోపలికి. నేను దూరం నుంచి లెక్కపెట్టాను. మొత్తం 41 సార్లు. చివరికి నీలాన్ని పూర్తిగా పసుపు మీద పెట్టి, అరచేత్తో అదిమి పట్టుకుని, గదంతా వినబడేలా అంది: "పసుపు పోలేదు! కింద ఉంది!"

నేను లేచి వెళ్ళి "అవును" అన్నాను. అంతే అన్నాను.

కాగితం నుంచి రంగుకు

ఇక్కడితో ఆగి ఉంటే కథ బాగుండేది, కానీ పని సగమే అయ్యేది. రెండు రోజుల తర్వాత పాపే చెప్పింది: "కాగితం తీయొచ్చు. రంగు తీయలేం కదా." మళ్ళీ ఆమె మాటే సరైనది. సెల్లోఫేన్‌లో రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, కలిసిపోలేదు.

నిజంగా కలిసిపోయి, మళ్ళీ విడిపోయేది కావాలి. నీళ్ళలో కరిగే స్కెచ్ పెన్నులు, వడపోత కాగితం తీసుకున్నాను. కాగితాన్ని రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, కింది అంచు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తులో చుక్క పెట్టి, కింది అంచు మాత్రమే మునిగేలా ఒక సెంటీమీటరు నీళ్ళున్న గ్లాసులో నిలబెట్టాలి. నీళ్ళు కాగితంలో పైకి పాకుతూ రంగును మోసుకెళ్తాయి. కాగితాన్ని గట్టిగా పట్టుకునే రంగు వెనకబడుతుంది, నీళ్ళతో సులువుగా కదిలేది ముందుకు పోతుంది. రెండు రంగులు కలిసి ఉంటే అక్కడ విడిపోతాయి.

బజారు ఆకుపచ్చ పెన్నుతో కూడా ఇది చేయవచ్చు, కానీ దాన్ని వద్దనుకున్నాను. ఆ ఆకుపచ్చను కలిపింది పాప కాదు. తన కళ్ళ ముందు, తన చేత్తో కలిపిన పసుపు తిరిగి వస్తేనే ఆమె ప్రశ్నకు జవాబు. అందుకని పసుపు పెన్నుతో చుక్క, దాని మీదే నీలం పెన్నుతో చుక్క. ఏ జత బాగా విడిపోతుందో చూడటానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. కొన్ని పెన్నుల రంగులు రెండూ ఒకే వేగంతో పైకి పోయి, కలిసే ఉండిపోయాయి. కొన్ని అసలు కదల్లేదు. అవి నీళ్ళలో కరిగేవి కావు.

పాప మొదట పసుపు చుక్క పెట్టింది. నీలం పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "వస్తుందా?" అంది. "నేను ఇంట్లో చేస్తే వచ్చింది. నువ్వు చూడు" అన్నాను. చుక్క పెట్టింది. ఆకుపచ్చ. పట్టీని గ్లాసులో నిలబెట్టి, గడ్డం బల్లకు ఆనించి చూస్తూ కూర్చుంది. తడి గీత చుక్కను తాకింది. చుక్క పై అంచు ముందు మసకబారి, తర్వాత నీలం మెల్లగా పైకి జారుకుంది. పది నిమిషాలకు పైన నీలం మబ్బులా, మధ్యలో కాస్త ఆకుపచ్చ, కింద, ఎక్కడ పెట్టిందో దాదాపు అక్కడే, లేత పసుపు చార.

అరవలేదు. వేలితో ఆ పసుపు చారను తాకి, వేలు చూసుకుంది. "ఇది నాదే" అంది.

ఆ మధ్యాహ్నమే ఆమె అడిగిన ఇంకో ప్రశ్న: "మొదటి రోజు గుండ్రంలోది కూడా వస్తుందా?" ఆ గుండ్రం వేసిన కాగితం నేను దాచి ఉంచాను. వస్తుందని చెప్పాలని మనసు చాలా లాగింది. రాదు. పోస్టర్ కలర్‌లో రంగు కరిగి ఉండదు, సన్నటి పొడిగా ఉంటుంది, ఎండాక జిగురుతో కాగితానికి పట్టేస్తుంది, నీళ్ళతో పాకదు. "అందులో పసుపు ఉంది. కానీ తీయడం నాకు చేతకాదు" అని చెప్పాను. పాప కాసేపు ఆలోచించి, "ఉంది కదా" అంది. తీయగలగడం కన్నా, ఉందని తెలియడమే ఆమెకు కావాల్సిందని నాకు అప్పుడే తెలిసింది. అబద్ధం చెప్పి ఉంటే, ఆమె ఆ గుండ్రాన్ని నీళ్ళలో నిలబెట్టి చూసేది. ఆ తర్వాత నా మాట ఏదీ నమ్మేది కాదు.

కలపడం

తొమ్మిదో వారంలో డ్రాపర్లు పెట్టాను. చిన్న తెల్ల గిన్నెలు, పసుపు నీళ్ళు, నీలం నీళ్ళు. కుంచె బదులు డ్రాపర్ ఎందుకంటే, కుంచెతో ఒక్కసారి తిప్పితే అంతా మారిపోతుంది. డ్రాపర్‌తో చుక్క చుక్కకూ ఆగవచ్చు. ఎక్కడ ఆపాలో పిల్ల చేతిలో ఉంటుంది.

పాప ముందుగా ఒక గిన్నెలో పసుపు నీళ్ళు పోసి, దాన్ని పక్కకు జరిపి, అడ్డంగా స్కేలు పెట్టింది. అది ముట్టుకోకూడదన్నమాట. రెండో గిన్నెలో పది చుక్కల పసుపు వేసి, ఒక్క నీలం చుక్క వదిలింది. ఒక్క చుక్కకే గిన్నె లేత ఆకుపచ్చగా మారడం చూసి ఆశ్చర్యపోయింది. నీలం బలం అది. ఇంకో గిన్నెలో పది నీలం చుక్కల్లో ఒక్క పసుపు చుక్క వేస్తే ఏమీ మారలేదు. "పసుపు చిన్నది, నీలం గట్టిది" అంది. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగును కొంచెం కొంచెంగా చేర్చాలని నేను ఏటా చెప్పే పాఠం. ఆ రోజు ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది. ఆ గంట ముగిసేసరికి స్కేలు పక్కన పసుపు నుంచి నీలం దాకా తొమ్మిది గిన్నెలు వరుసగా ఉన్నాయి, పెన్సిళ్ళు సర్దినట్టు. తొమ్మిదింటిలో ఏడు ఆకుపచ్చలు, ఏ రెండూ ఒకలా లేవు.

ఇప్పుడు నేను చేస్తున్నది

ఈ కేసు తర్వాత వరుస మార్చాను. మొదటి వారం సెల్లోఫేన్, ఆ తర్వాత కాగితం పట్టీలు, ఆ తర్వాత డ్రాపర్, చివర కుంచె. అంతకు ముందు కుంచెతో మొదలుపెట్టేదాన్ని, అంటే వెనక్కి తీయలేని దానితో. మిగతా పిల్లలకు ఈ వరుస అవసరమా అని అడిగారు తోటి టీచర్లు. అవసరం లేని పిల్లలు ఎక్కువే. కానీ వాళ్ళు కూడా పట్టీల దగ్గర ఎక్కువసేపు కూర్చుంటున్నారు, "నల్ల పెన్నులో ఏముంది?" అని అడుగుతున్నారు. నల్ల పెన్నులోంచి నీలం, గులాబీ, పసుపు బయటికి వచ్చినప్పుడు ఆ బల్ల దగ్గర నుంచి లేపడం కష్టం.

ఒక సందేహం నాతో ఉంది. తొమ్మిది వారాలంటే ఆ వయసులో తక్కువ కాలం కాదు. నేనేమీ చేయకపోయినా పాప వయసుతోపాటు దాటేసేదేమో. ఒక్క పిల్లను చూసి ఇది తేల్చలేను. అయితే ప్రశ్న మారిన రోజులు, పచ్చ మాట విడిపోయిన రోజు, కిటికీ దగ్గరి రోజు, పట్టీ రోజు, డైరీలో విడివిడిగా, స్పష్టంగా కనబడుతున్నాయి. పచ్చ మాట సంగతి పక్కన పెడితే, ప్రతిసారీ మార్పు ఆమె ఏదో చేసిన వెంటనే వచ్చింది, నేను ఏదో చెప్పిన తర్వాత రాలేదు.

పాప ఇప్పుడు ఎరుపు, నీలం, తెలుపు, అన్నీ కలుపుతుంది, బురదలు కూడా చేస్తుంది. ఒక అలవాటు మాత్రం ఉండిపోయింది. బొమ్మ మొదలుపెట్టే ముందు కాగితం పైమూల తాను వాడబోయే ప్రతి రంగూ కలపకుండా ఒక చుక్క పెడుతుంది. మొన్న ఒక పిల్లవాడు ఆమె బొమ్మలోని నాచు రంగు ఎలా వచ్చిందని అడిగితే, నోటితో చెప్పలేదు, ఆ మూల చూపించింది. ఇప్పుడు బల్ల చుట్టూ ఐదుగురు అలాగే పెడుతున్నారు.